సిరీస్ హైబ్రిడ్ హైవే స్పీడ్‌లో ఎందుకు ఎక్కువ తాగుతోంది? రైలింజన్లకి పనికొచ్చింది కార్లకి ఎందుకు రాదు?

ఫైనల్‌ఇయర్_పిస్టన్:

అందరికీ హాయ్. మెకానికల్ ఫైనల్ ఇయర్, ప్రాజెక్టుకి హైబ్రిడ్ కారు పవర్‌ట్రెయిన్ సిమ్యులేషన్ చేస్తున్నాం. మేం తీసుకున్నది సిరీస్ లేఅవుట్, అంటే ఇంజిన్‌కీ చక్రాలకీ మధ్య షాఫ్ట్ గానీ గేరు గానీ ఏమీ ఉండదు, ఇంజిన్ జనరేటర్‌ని తిప్పుతుంది, ఆ కరెంటుతో మోటార్ తిరుగుతుంది, మిగిలింది బ్యాటరీలోకి పోతుంది, అంతే. గేర్‌బాక్స్ లేదు, క్లచ్ లేదు, ఇంజిన్‌ని ఎప్పుడూ దానికి నచ్చిన ఒకే పాయింట్ దగ్గర నడపొచ్చు, ఇక మైలేజ్ అదిరిపోవాలి కదా అనుకుని మొదలెట్టాం.

సిటీ సైకిల్‌లో నిజంగానే అదిరింది. కానీ 100 కిలోమీటర్ల స్పీడ్‌లో నిలకడగా పోనిస్తే మామూలు పెట్రోల్ కారు మోడల్ గంటకి 3.6 కిలోల పెట్రోల్ తాగుతుంటే మాది 3.9 తాగుతోంది. మా ఇంజిన్ 30 కిలోవాట్ల దగ్గర బెస్ట్ పాయింట్‌లో ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉంది, ఒక కిలోవాట్ అవర్‌కి 235 గ్రాముల బీఎస్ఎఫ్‌సీ (ఇంజిన్ ఒక యూనిట్ పని చెయ్యడానికి తాగే పెట్రోల్) చూపిస్తోంది, మామూలు కారు ఇంజిన్ ఏమో 275 దగ్గర ఏడుస్తోంది. 235 వాడు 275 వాడి చేతిలో ఓడిపోవడమేంటో అర్థం కావట్లేదు. ఎస్ఓసీ (బ్యాటరీలో ఉన్న చార్జ్ శాతం) మొదట్లోనూ చివర్లోనూ 60 శాతం దగ్గరే ఉండేట్టు సరిచూశాం, కాబట్టి బ్యాటరీ ఖాళీ చేసి దొంగ మైలేజ్ చూపించడం గానీ దానికి రివర్స్ గానీ లేదు.

ఇంకోటి, డీజిల్ రైలింజన్లు ఎప్పట్నుంచో ఇదే పద్ధతిలో నడుస్తున్నాయి కదా, అంత బరువు లాగే దానికి పనికొచ్చింది కారుకి ఎందుకు పనికిరాదు? గైడ్ గారిని అడిగితే "ఎఫిషియెన్సీ చెయిన్ చూసుకో" అని వెళ్ళిపోయారు. బ్యాటరీ 10 కిలోవాట్ అవర్‌ది పెట్టాం, అది కూడా ఎక్కువే అంటున్నారు. ఎవరైనా వివరంగా చెప్తే బాగుంటుంది.

సన్‌గేర్:

మోడల్‌లో బగ్ లేదు బ్రో, మోడల్ కరెక్ట్‌గా ఉంది కాబట్టే ఈ రిజల్ట్ వచ్చింది. బీఎస్ఎఫ్‌సీ అనేది ఇంజిన్ షాఫ్ట్ దగ్గరి లెక్క, కారుకి కావాల్సింది చక్రం దగ్గర. మధ్యలో ఎంత పోతోందో చూడు.

1500 కిలోల కారు, సీడీఏ (గాలి నిరోధం లెక్క, డ్రాగ్ కోఎఫిషియెంట్ ఇంటూ ముందు వైశాల్యం) 0.65, టైర్ల రోలింగ్ రెసిస్టెన్స్ 0.01 అనుకుందాం. 100 దగ్గర గాలిని తోయడానికి 8.4 కిలోవాట్లు, టైర్లకి 4.1, మొత్తం పన్నెండున్నర. మామూలు కారులో టాప్ గేర్ పడ్డాక గేర్లూ డిఫరెన్షియలూ కలిపి ఓ 5 శాతం తింటాయి, అంటే ఇంజిన్ 13.2 ఇస్తే చాలు. 13.2 ని 275 తో గుణిస్తే 3.6 కిలోలు, నీకు వచ్చిన నంబరే.

ఇప్పుడు నీ కారు. ఎఫిషియెన్సీలు చూడు: రిడక్షన్ గేర్ 0.97, మోటార్ 0.92 (ఇంత తక్కువ లోడ్‌లో పెద్ద మోటార్‌కి అంతకన్నా ఎక్కువ పెట్టుకోకు), ఇన్వర్టర్ (డీసీని మోటార్‌కి కావాల్సిన ఏసీగా మార్చేది) 0.97, జనరేటర్ వైపు ఇన్వర్టర్ ఇంకో 0.97, జనరేటర్ 0.93. విడివిడిగా చూస్తే ఒక్కటీ చెడ్డది కాదు, ఏ డేటాషీట్‌లో చూసినా మెచ్చుకునే నంబర్లే, కానీ అన్నీ గుణిస్తే 0.78. పన్నెండున్నర కావాలంటే ఇంజిన్ 16 పుట్టించాలి. పైగా మీరు 30 కిలోవాట్ల దగ్గర ఆన్ చేసి ఆఫ్ చేస్తున్నారు అన్నావు, అంటే ఆన్‌లో ఉన్నప్పుడు పుట్టిన దాంట్లో దాదాపు సగం బ్యాటరీలోకి వెళ్ళి, ఆఫ్ అయినప్పుడు మళ్ళీ బయటికొస్తోంది, ఆ పోయిరావడానికి ఇంకో 8 శాతం వేసుకో. ఇంజిన్ సగటున 16.6 కిలోవాట్లు పుట్టించాల్సొస్తుంది, 235 తో గుణించు, 3.9. రూపం మార్చిన ప్రతిసారీ కౌంటర్‌లో కమిషన్ కట్టించుకుంటున్నారన్నమాట, నువ్వేమో వరసగా ప్రతి కౌంటర్‌కీ వెళ్తున్నావు.

అసలు విషయం ఇది: హైబ్రిడ్ మైలేజ్ ఇచ్చేది కరెంటు మహిమ వల్ల అని చాలామంది అనుకుంటారు. బయటి నుంచి చార్జ్ చెయ్యని హైబ్రిడ్‌లో కరెంటు మొత్తం చివరికి పెట్రోల్ లోంచే వచ్చింది. లాభం ఎక్కడంటే ఇంజిన్‌ని దాని చెత్త పాయింట్ల నుంచి తప్పించడంలో ఉంది, బ్రేక్ కొట్టినప్పుడు వేడిగా పోయేది కొంచెం వెనక్కి లాక్కోవడంలో ఉంది. ఇదే కారు 40 లో నిలకడగా పోతే ఎంత కావాలో తెలుసా, 2.2 కిలోవాట్లు. వంద కిలోవాట్ల ఇంజిన్ రెండు కిలోవాట్లు ఇవ్వడమంటే థ్రాటిల్ దాదాపు మూసేసుకుని తన లోపలి రాపిడితో, పంపింగ్ లాస్‌తో (మూసుకున్న థ్రాటిల్ గుండా గాలి పీల్చడానికి పట్టే శ్రమ) తనే కుస్తీ పట్టడం. అక్కడ నువ్వు 22 శాతం కమిషన్ కట్టినా సరే లాభమే. 100 దగ్గరికొచ్చేసరికి మామూలు ఇంజిన్ కూడా కాస్త బాగానే ఉంటుంది, తప్పించాల్సింది పెద్దగా లేదు, కమిషన్ మాత్రం అంతే ఉంది. అందుకే సిటీలో గెలిచి హైవేలో ఓడిపోయావు.

లోకోషెడ్:

రైలింజన్ సంగతి నేను చెప్తా. అక్కడ జనరేటర్, మోటార్ పెట్టింది డీజిల్ ఆదా చెయ్యడానికి కాదు. వేల హార్స్‌పవర్ ఇంజిన్, వెనక వేల టన్నుల బండి, సున్నా నుంచి కదలాలి, ఆ టార్క్‌ని క్లచ్ మీద జారించి కదిలించాలంటే ఆ క్లచ్ ఉంటుందా? పైగా ఆ శక్తి ఆరు యాక్సిళ్ళకి పంచాలి, షాఫ్టులూ గేర్లూ వేసుకుంటూ పోతే అదో పెద్ద తంటా, కేబుల్ అయితే ఎటంటే అటు తిరుగుతుంది. అందుకని కరెంటునే గేర్‌బాక్స్‌లా వాడుకున్నారు. బ్యాటరీ కూడా ఇంజిన్ స్టార్ట్ చెయ్యడానికీ లైట్లకీ తప్ప లాగడానికి ఉండదు, కాబట్టి దాన్ని హైబ్రిడ్ అనడమే కుదరదు. బ్రేక్ వేసినప్పుడు మోటార్లు జనరేటర్లుగా మారతాయి గానీ ఆ కరెంటు పైకప్పు మీద రెసిస్టర్ గ్రిడ్‌లో వేడైపోయి గాల్లో కలుస్తుంది.

ఇంకో తేడా, రైలింజన్ గంటల తరబడి గట్టి లోడ్ మీద ఉంటుంది, అక్కడ డీజిల్ ఇంజిన్ ఎలాగూ బాగానే పనిచేస్తుంది. బరువు కూడా అక్కడ శత్రువు కాదు, పట్టాల మీద పట్టు కోసం బరువు కావాలి. కారులో ప్రతి కిలో తిడుతుంది.

ఫైనల్‌ఇయర్_పిస్టన్:

సన్‌గేర్ అన్నా, లెక్క మొత్తం అర్థమైంది, థాంక్స్. లోకోషెడ్ గారూ మీకు కూడా. మరి టొయోటా ప్రియస్ హైబ్రిడ్‌లో కూడా రెండు మోటార్లు, రెండు ఇన్వర్టర్లు ఉన్నాయి కదా, అదీ ఇదే కమిషన్ కట్టాలి కదా? దాని ప్లానెటరీ గేర్ వీడియోలు చాలా చూశా, చక్రాలు అందంగా తిరుగుతుంటాయి గానీ పవర్ ఎటు పోతుందో మాత్రం బుర్రకెక్కట్లేదు.

సన్‌గేర్:

వీడియోలు స్పీడే చూపిస్తాయి, టార్క్ కనపడదు, అందుకే ఎక్కట్లేదు. టార్క్ దగ్గర మొదలెట్టు.

మొదటి ప్రియస్ జపాన్‌లో 1997 డిసెంబర్‌లో వచ్చింది, ఆ పవర్ స్ప్లిట్ (ఇంజిన్ పవర్‌ని గేర్ల దారికీ కరెంటు దారికీ పంచే) ఐడియా ఇప్పటికీ అదే. మధ్యలో సన్ గేర్, దానికి ఎంజీ1 (మోటార్-జనరేటర్ 1, ఎక్కువగా జనరేటర్ పని). చుట్టూ ప్లానెట్లు మోసే క్యారియర్, దానికి ఇంజిన్. బయట రింగ్ గేర్, దానికి ఎంజీ2, అక్కడి నుంచి చక్రాలు. మొదటి రెండు తరాల్లో సన్‌కి 30 పళ్ళు, రింగ్‌కి 78. ఈ రెండు నంబర్లు చాలు మనకి.

ప్లానెటరీ గేర్ టార్క్‌ని పళ్ళ లెక్కన ఖచ్చితంగా పంచేస్తుంది, దాన్ని ఎవరూ మార్చలేరు. ఇంజిన్ 108 న్యూటన్ మీటర్లు ఇస్తే 30 సన్‌కి, 78 రింగ్‌కి. అంటే 72 శాతం టార్క్ నేరుగా గేర్ల మీదుగా చక్రాల వైపు వెళ్ళిపోయింది, ఇన్వర్టర్ మొహం కూడా చూడలేదు. మిగతా 28 శాతం ఎంజీ1 పట్టుకోవాలి, పట్టుకోకపోతే ఇంజిన్ ఊరికే గుయ్యిమని తిరుగుతుంది, చక్రాలకి ఏమీ పోదు.

టార్క్ ఇలా కట్టేసి ఉంటుంది, స్పీడ్ మాత్రం స్వేచ్ఛ: 30 రెట్ల సన్ స్పీడ్, 78 రెట్ల రింగ్ స్పీడ్ కలిపితే 108 రెట్ల ఇంజిన్ స్పీడ్. ఇప్పుడు ఇంజిన్‌ని 2000 ఆర్‌పీఎం దగ్గర పెట్టి కారు స్పీడ్ పెంచుకుంటూ పో. కారు ఆగి ఉంటే రింగ్ సున్నా, సన్ 7200 తిరగాలి, ఇంజిన్ పవర్ మొత్తం ఎంజీ1 గుండా కరెంటుగా మారుతుంది, అంటే అచ్చం నీ సిరీస్ కారే. రింగ్ 1200 కి వచ్చేసరికి సన్ 4080 కి దిగుతుంది, కరెంటు దారిలో పోయే పవర్ 57 శాతం. రింగ్ 2400 అయితే సన్ 960, కరెంటు దారిలో 13 శాతమే. ఇంకాస్త పెరిగి రింగ్ 2769 కి వస్తే ఎంజీ1 నిలబడిపోతుంది, కరెంటు దారిలో పవర్ సున్నా, అంతా గేర్ల మీదే. ఎంజీ1 ఊరికే టార్క్ ఆపి పట్టుకుని ఉంటుంది, దానికి కాస్త కరెంటు పడుతుంది గానీ అది లెక్కలోది కాదు.

చూశావా, స్పీడ్ తక్కువ ఉన్నప్పుడు (కరెంటు కమిషన్ కట్టినా లాభం ఉన్నచోట) సిరీస్‌లాగా, స్పీడ్ పెరిగేకొద్దీ దానంతటదే గేర్ కారులాగా మారిపోతుంది, మధ్యలో క్లచ్ లేదు, స్విచ్ లేదు. నాకైతే కార్లలో ఇంతకన్నా తెలివైన గేర్ సెట్ కనపళ్ళేదు, ఒప్పుకోనివాళ్ళు కింద తిట్టుకోవచ్చు.

దీనికీ ఓ రోగం ఉంది. రింగ్ 3600 దగ్గర ఉందనుకో, ఇంజిన్ 2600 అయితే ఎంజీ1 సరిగ్గా సున్నా. కానీ రోడ్డు చదునుగా ఉంది, పవర్ అంత అక్కర్లేదు, ఇంజిన్‌ని 1800 కి దించుదాం అంటే ఎంజీ1 వెనక్కి 2880 తిరగాలి. టార్క్ దిశ మారలేదు, స్పీడ్ దిశ మారింది, అంటే ఇప్పుడది మోటార్‌గా పనిచేస్తూ కరెంటు తింటోంది. ఆ కరెంటు ఎక్కడిది? ఎంజీ2 రింగ్ దగ్గర జనరేటర్‌గా మారి ఇస్తోంది. పవర్ గుండ్రంగా తిరుగుతోంది, తిరిగిన ప్రతిసారీ నష్టం. అందుకని హైవే క్రూజ్‌లో ఇంజిన్ ఎంత దించాలన్నది ఇంజిన్ మ్యాప్ (ఏ స్పీడ్, ఏ టార్క్ దగ్గర ఎంత పెట్రోల్ తాగుతుందో చూపే పటం) ఒక్కటే చూసి చెప్పలేం, అదీ ఈ కరెంటు నష్టమూ రెండూ కలిపి చూడాలి.

గేర్లెందుకు_గురూ:

అంతా బాగానే ఉంది గానీ ఎందుకంత గోల. హోండా వాళ్ళు 2013 లో అకార్డ్ హైబ్రిడ్‌లో చేసింది చూడండి, మామూలు సిరీస్ హైబ్రిడే, హైవే స్పీడ్ వచ్చాక ఒక్క క్లచ్ వేసి ఇంజిన్‌ని టాప్ గేర్ లాంటి ఒకే రేషియోలో నేరుగా చక్రాలకి కలిపేస్తారు. మన తమ్ముడి కారుకి కావాల్సింది అదే, ఉన్న మోడల్‌కి ఒక క్లచ్ తగిలిస్తే పోతుంది. ప్లానెటరీ సెట్‌లో అన్నీ ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి, ఎంజీ1 మితిమీరి తిరగకూడదని ఒక స్పీడ్ దాటాక పెట్రోల్ కొట్టకపోయినా ఇంజిన్‌ని తిప్పుతూ ఉండాలి, ఇంజిన్ స్టార్ట్ చేస్తే దాని రియాక్షన్ చక్రాల మీద పడుతుంది. సిరీస్‌లో ఈ తలనొప్పులేవీ లేవు.

నిస్సాన్ అయితే 2016 లో నోట్ ఈ-పవర్‌లో ఆ క్లచ్ కూడా లేకుండా ప్యూర్ సిరీస్ అమ్మింది, జనం కొన్నారు కూడా. పెడల్ వదిలితే ఆగిపోయే ఎలక్ట్రిక్ కారు ఫీల్ వస్తుంది, హైవే నష్టం ఉన్నా సిటీలో తిరిగేవాళ్ళకి పట్టదు. డిజైన్ అంటే ఎవరు ఎక్కడ నడుపుతారన్నది కూడా కదా.

సన్‌గేర్:

గురూ గారూ, హోండా దారి మంచిదే, కాదన్లేదు. కానీ ఫ్రీ కాదు. మీ దాంట్లో క్లచ్ పడేదాకా చక్రాలకి వెళ్ళే పవర్ మొత్తం ఒక్క ట్రాక్షన్ మోటారే మొయ్యాలి, ఇంజిన్ మొత్తం పవర్‌ని జనరేటర్ ఒక్కటే మింగాలి, అంటే రెండూ పెద్దవి కావాలి, ఇన్వర్టర్లు కూడా. పవర్ స్ప్లిట్‌లో ఎంజీ1 పట్టుకోవాల్సింది ఇంజిన్ టార్క్‌లో 28 శాతమే, ఆ మేరకు రాగి, అయస్కాంతం, సిలికాన్ అన్నీ తగ్గుతాయి. 1997 నాటి ఇన్వర్టర్ టెక్నాలజీతో అది చాలా పెద్ద విషయం. ఇప్పుడు మోటార్లూ ఇన్వర్టర్లూ చవకయ్యాయి కాబట్టి మీ వాదనకి బలం పెరిగింది, అంతవరకు ఒప్పుకుంటా.

రోగాల జాబితా చెప్పారు గానీ లేనివి కూడా చెప్పాలి: క్లచ్ లేదు, టార్క్ కన్వర్టర్ లేదు, స్టార్టర్ మోటార్ లేదు, ఆల్టర్నేటర్ లేదు, రివర్స్ గేర్ కూడా లేదు (ఎంజీ2 ని వెనక్కి తిప్పితే అదే రివర్స్). అరిగిపోయే వస్తువులు తక్కువ.

మ్యాప్‌లు_గీసేవాడు:

నేను పవర్‌ట్రెయిన్ కాలిబ్రేషన్‌లో ఉంటా, లేఅవుట్ కొట్లాటలో దూరను, రెండూ నడుస్తాయి. ఇంజిన్ గురించీ బ్యాటరీ గురించీ ఎవరూ మాట్లాడలేదు కాబట్టి చెప్తా.

పిస్టన్ తమ్ముడూ, ముందు మీరు పెట్టింది ఏ ఇంజిన్ మ్యాప్? మామూలు కారు ఇంజిన్ మ్యాపే తీసుకుని జనరేటర్‌కి తగిలిస్తే హైబ్రిడ్ లాభంలో సగం వదిలేసినట్టే. హైబ్రిడ్‌లో వాడేది అట్కిన్సన్ పద్ధతి. 1880ల్లో అట్కిన్సన్ చేసిన అసలు ఇంజిన్‌లో వింత లింకేజీలు ఉండేవి, ఇప్పుడు అవేమీ లేవు, ఇన్‌టేక్ వాల్వ్‌ని ఆలస్యంగా మూస్తారు, అంతే. పిస్టన్ పైకి వస్తూ కొంత గాలిని ఇన్‌టేక్‌లోకి తిరిగి తోసేస్తుంది, కాబట్టి కంప్రెషన్ తక్కువ, ఎక్స్‌పాన్షన్ మాత్రం పూర్తిగా. రెండో తరం ప్రియస్ 1.5 లీటర్ ఇంజిన్‌లో ఎక్స్‌పాన్షన్ రేషియో 13, నాకింగ్ (పెట్రోల్ తనంతట తానే ముందే పేలిపోవడం) రాకుండా అంత పెట్టగలిగారంటే ఇందుకే. పంపింగ్ లాస్ కూడా తగ్గుతుంది. మరి అందరూ ఇదే ఎందుకు వాడరంటే పవర్ పోతుంది, అదే ఇంజిన్ మామూలు వెర్షన్ దాదాపు 80 కిలోవాట్లు ఇస్తే ఇది 57 ఇచ్చింది, కింది ఆర్‌పీఎంలో టార్క్ అయితే మరీ నీరసం. ఒంటరిగా కారుకి పెడితే జనం తిడతారు, పక్కన మోటార్ ఉంది కాబట్టి ఆ నీరసం డ్రైవర్‌కి తెలీదు. అంటే మోటార్ వల్ల వచ్చే లాభం మోటార్ దగ్గరే కనపడదు, ఇంజిన్‌ని ఇంత ఏకపక్షంగా డిజైన్ చేసుకునే ధైర్యం ఇస్తుంది, నా దృష్టిలో అదే పెద్దది. దాని తర్వాతి తరం 1.8 లీటర్‌లో చల్లబరిచిన ఈజీఆర్ (పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకి పంపడం), ఎలక్ట్రిక్ వాటర్ పంప్ పెట్టి థర్మల్ ఎఫిషియెన్సీ 38.5 శాతానికి తెచ్చారు, 2015 లో వచ్చిన నాలుగో తరంలో 40 కి.

ఇంకో కొసరు లాభం, ఆలస్యంగా మూసే వాల్వ్ వల్ల స్టార్ట్ చేసేటప్పుడు కంప్రెషన్ తక్కువ, కుదుపు తక్కువ. గురూ గారు అన్న ఆ స్టార్ట్ రియాక్షన్ నిజమే, ఎంజీ1 ఇంజిన్‌ని సుమారు 1000 ఆర్‌పీఎంకి లాగి అప్పుడు పెట్రోల్ కొడుతుంది, ఆ క్షణంలో రింగ్ మీద వెనక్కి పడే టార్క్‌ని ఎంజీ2 అదే మిల్లీసెకండ్‌లో కొట్టెయ్యాలి, లేకపోతే కారు తల ఊపుతుంది. ఇది కుదర్చడానికి పట్టే టైమ్ మైలేజ్ కుదర్చడానికి కూడా పట్టదు, నవ్వకండి.

బ్యాటరీకి వద్దాం. 10 కిలోవాట్ అవర్ ఎందుకు? బయట చార్జ్ చేసేది ఉంటే సరే, లేకపోతే అది మోసుకు తిరిగే బరువు. 1500 కిలోల కారు 100 నుంచి సున్నాకి వస్తే వదిలే ఎనర్జీ మొత్తం 0.16 కిలోవాట్ అవర్, అందులో చక్రం నుంచి బ్యాటరీకి చేరేది ఇంకా తక్కువ. రెండో తరం ప్రియస్ నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ 201.6 వోల్టులు, 6.5 ఆంపియర్ అవర్, అంటే 1.3 కిలోవాట్ అవర్, అందులోనూ సుమారు 40 నుంచి 80 శాతం మధ్యే తిప్పుతారు, ఏళ్ళ తరబడి బతకాలి కాబట్టి.

అసలు ఇబ్బంది పవర్ దగ్గర. 60 స్పీడ్ నుంచి 5 సెకన్లలో ఆగావనుకో, సగటున 42 కిలోవాట్లు, మొదటి క్షణంలో దానికి రెట్టింపు, 83. చిన్న ప్యాక్ పాతిక తీసుకుంటే గొప్ప, మిగతాది డిస్కుల్లో వేడే. నెమ్మదిగా ముందు చూపుతో బ్రేక్ వేసేవాడికి అదే కారు ఎక్కువ మైలేజ్ ఇచ్చేది ఇందుకే. కాబట్టి మీరు సెల్ ఎంచుకునేటప్పుడు ఎన్ని కిలోవాట్ అవర్ అని కాకుండా ఎన్ని కిలోవాట్లు, ఏ టెంపరేచర్‌లో అని అడగండి, చలిలో లిథియం సెల్‌కి చార్జింగ్ పవర్ బాగా పడిపోతుంది, గట్టిగా తోస్తే ఆనోడ్ మీద లిథియం లోహంగా పేరుకుంటుంది.

ఘాట్ దిగేటప్పుడు మాత్రం బ్యాటరీలో ఎనర్జీకి చోటు కూడా చాలదు. ఇదే కారు 100 మీటర్ల ఎత్తు దిగితే 0.41 కిలోవాట్ అవర్. 60 శాతం నుంచి 80 కి 1.3 ప్యాక్‌లో ఉన్న ఖాళీ 0.26 మాత్రమే. నిండిపోయాక ఏం చేస్తారు? ఎంజీ1 తో ఇంజిన్‌ని ఊరికే తిప్పి ఎనర్జీ తగలేస్తారు, ఇంజిన్ బ్రేకింగ్ అన్నమాట. మీ మోడల్‌లో ఈ కేసు ఉందా? చాలా స్టూడెంట్ మోడల్స్‌లో బ్యాటరీ 100 దాటి 104 చూపిస్తుంటుంది, ఎవరూ పట్టించుకోరు.

ఎస్ఓసీ మొదలూ చివరా సమానం చేశాం అన్నావు, అది బాగుంది, చార్జ్ సస్టెయినింగ్ (బ్యాటరీ చార్జ్ తగ్గకుండా నడిపే) టెస్ట్‌కి హైబ్రిడ్ మైలేజ్ టెస్ట్ ప్రమాణం ఎస్ఏఈ జే1711 లో కూడా బ్యాటరీ నికర మార్పు పెట్రోల్ ఎనర్జీలో 1 శాతం లోపు ఉండాలని రూల్. కానీ సమానమైనంత మాత్రాన సరిపోదు, మధ్యలో ఎంత ఎనర్జీ లోపలికెళ్ళి బయటికొచ్చిందో కూడా ప్లాట్ చెయ్యి. మీది ఆన్-ఆఫ్ థర్మోస్టాట్ కంట్రోల్, ఇంజిన్‌కి స్వర్గం, బ్యాటరీకి నరకం.

ఫైనల్‌ఇయర్_పిస్టన్:

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. గురూ గారు చెప్పినట్టు మోడల్‌లో క్లచ్ పెట్టి, 100 దగ్గర ఇంజిన్ 2200 ఆర్‌పీఎం వచ్చే రేషియో ఇచ్చి, బ్యాటరీ 1.5 కి దించి, అట్కిన్సన్ మ్యాప్ పెట్టి రన్ చేస్తే 100 దగ్గర 3.3 కిలోలకి వచ్చింది, మామూలు కారు కన్నా తక్కువ. ఇప్పుడు డౌట్ ఏంటంటే క్లచ్ ఎప్పుడు వెయ్యాలి, ఎప్పుడు తియ్యాలి? ప్రస్తుతానికి 60 దాటితే వెయ్యి, 60 కింద తియ్యి అని రాశాం. అది పెట్టాక మిక్స్‌డ్ సైకిల్‌లో లాభం ఊహించినంత రాలేదు, పైగా 60 చుట్టూ టకటకా కొట్టుకుంటోంది.

గేర్లెందుకు_గురూ:

టకటకకి ముందు మందు: వేసే స్పీడ్ వేరు, తీసే స్పీడ్ వేరు పెట్టు, వేశాక కనీసం కొన్ని సెకన్లు కదలకూడదని టైమర్ పెట్టు. స్పీడ్ ఒక్కటే చూస్తే మాత్రం ఎంత సరిచేసినా సగమే.

మ్యాప్‌లు_గీసేవాడు:

అవును, స్పీడ్ ఒక్కటే చూడటం వల్లే. నీ రేషియోతో 60 దగ్గర ఇంజిన్ 1320 ఆర్‌పీఎం, చదును రోడ్డు మీద కావాల్సింది 4.3 కిలోవాట్లు, అంటే 31 న్యూటన్ మీటర్లు. మ్యాప్ తీసి ఆ పాయింట్ చూడు, అసహ్యంగా ఉంటుంది. ఏ పాయింట్ నుంచి ఇంజిన్‌ని తప్పించడానికి ఇంత కట్టామో సరిగ్గా అక్కడికే తీసుకెళ్ళి క్లచ్‌తో కట్టేస్తున్నావు. అక్కడ ఇంజిన్ ఆపేసి బ్యాటరీ మీద పోవడం, బ్యాటరీ దిగాక ఇంజిన్‌ని మంచి లోడ్ మీద కొంతసేపు నడపడం మేలు. 100 దగ్గర అదే లెక్క 13 కిలోవాట్లు, 56 న్యూటన్ మీటర్లు, ఫర్వాలేదు. 120 దగ్గర 2640 ఆర్‌పీఎం, 70 పైన, అక్కడ క్లచ్ కన్నా మంచిది లేదు.

ఇంకో వైపు చూడు. 100 లో పోతూ ఓవర్‌టేక్‌కి గట్టిగా తొక్కాడు, 60 కిలోవాట్లు అడిగాడు. క్లచ్ వేసి ఉంటే ఇంజిన్ 2200 దగ్గరే ఇరుక్కుపోయి ఉంది, దాని గరిష్ఠ టార్క్ 115 అనుకున్నా వచ్చేది 26, బ్యాటరీ పాతిక కలిపినా సరిపోదు. వెంటనే క్లచ్ తీసి సిరీస్‌లోకి వెళ్ళి ఇంజిన్‌ని 5000 కి లేపాలి. స్పీడ్ మారలేదు, నిర్ణయం మారింది. అంటే నీ మ్యాప్‌కి రెండు యాక్సిస్‌లు ఉండాలి, స్పీడ్ ఒకటి, డ్రైవర్ అడిగే చక్రం టార్క్ ఇంకోటి.

దాన్ని చేత్తో గీయకు. ప్రతి గ్రిడ్ పాయింట్ దగ్గర మూడు మోడ్‌లూ లెక్కెయ్యి: ఇంజిన్ ఆఫ్, సిరీస్, క్లచ్. ఒక్కోదానికి పెట్రోల్ గ్రాములు, బ్యాటరీ నుంచి పోయే కిలోవాట్లు. బ్యాటరీ కిలోవాట్‌ని ఒక ఫ్యాక్టర్‌తో పెట్రోల్‌గా మార్చి కలుపు, ఏది తక్కువైతే ఆ మోడ్. దీన్నే ఈసీఎంఎస్ అంటారు. ఫ్యాక్టర్ ఎంత పెట్టాలంటే మీ దాంట్లో బ్యాటరీలోకి ఒక యూనిట్ నింపడానికి ఇంజిన్ వైపు నిజంగా ఎంత పెట్రోల్ ఎనర్జీ పడుతుందో అక్కడ మొదలెట్టు, మామూలుగా రెండున్నరకీ మూడుకీ మధ్య తేలుతుంది, సైకిల్ చివర ఎస్ఓసీ పెరిగితే తగ్గించు, తగ్గితే పెంచు. సైకిల్ మొత్తం ముందే తెలుసు కాబట్టి డైనమిక్ ప్రోగ్రామింగ్ (సైకిల్ మొత్తానికీ బెస్ట్ నిర్ణయాలు వెతికే లెక్క) కూడా ఒకసారి రన్ చేసి పెట్టుకో, అది నిజం కారులో నడవదు, రోడ్డు ముందేముందో కారుకి తెలీదు కాబట్టి, కానీ నీ కంట్రోలర్ బెస్ట్‌కి ఎంత దూరంలో ఉందో చెప్తుంది. రిపోర్ట్‌లో ఆ రెండు గ్రాఫులు పక్కపక్కన పెడితే గైడ్ గారు ఈసారి కూర్చుని మాట్లాడతారు.

క్లచ్ వేసేటప్పుడు ముందు జనరేటర్‌తో ఇంజిన్ స్పీడ్‌ని అవతలి షాఫ్ట్ స్పీడ్‌కి సరిచేసి అప్పుడు మూయించు, లేకపోతే నీ సిమ్యులేషన్‌లో టార్క్ స్పైక్ వచ్చి సాల్వర్ (లెక్క చేసే ప్రోగ్రామ్) టైమ్ స్టెప్ మరీ చిన్నదై నత్తనడక నడుస్తుంది. ఇంజిన్ స్టార్ట్ ప్రతిదానికీ కొంచెం పెట్రోల్ పెనాల్టీ కూడా వెయ్యి, అది లేకపోతే ఈసీఎంఎస్ నిమిషానికి పదిసార్లు ఇంజిన్ ఆపి స్టార్ట్ చేసి పేపర్ మీద అద్భుతమైన నంబర్ ఇస్తుంది.

ఫైనల్‌ఇయర్_పిస్టన్:

స్టార్ట్ పెనాల్టీ ఎంత వెయ్యాలి అన్నా? గ్రాముల్లోనా?

మ్యాప్‌లు_గీసేవాడు:

గ్రాముల్లోనే. మీ ఇంజిన్‌ని సున్నా నుంచి 1000 ఆర్‌పీఎంకి లేపడానికి జనరేటర్ పెట్టే ఎనర్జీ లెక్కేసుకో, ఇనర్షియా, రాపిడి రెండూ కలిపి, దాన్ని అదే ఫ్యాక్టర్‌తో పెట్రోల్‌గా మార్చు. స్టార్ట్ అయిన మొదటి కొన్ని సైకిళ్ళలో కాస్త రిచ్‌గా కొట్టే పెట్రోల్ దానికి కలుపు. వచ్చిన నంబర్‌ని రెట్టింపు చేసి ఇంకోసారి రన్ చెయ్యి, మైలేజ్ పెద్దగా మారకుండా స్టార్ట్‌ల సంఖ్య బాగా పడిపోతే ఆ పెద్ద నంబరే ఉంచుకో.